తమ్ముడి కాలికి బయట రాడ్లు బిగించారు, ఆరు రోజులైంది, గాయం ఇంకా తెరిచే ఉంది. ఇది సరైన వైద్యమేనా?

నాచారం అక్క

అందరికీ నమస్తే. రాత్రి రెండవుతోంది, హాస్పిటల్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను, ఎక్కడైనా అడ్డదిడ్డంగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా తమ్ముడికి 26 ఏళ్లు. పోయిన శుక్రవారం రాత్రి డ్యూటీ అయ్యాక ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ వైపు బండి మీద వస్తుంటే వెనక నుంచి ట్రాలీ ఆటో గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కుడి కాలు మోకాలికీ చీలమండకీ మధ్య రెండు ఎముకలూ విరిగాయి, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. దారిన పోయేవాళ్లు 108కి ఫోన్ చేశారు, వాళ్లు ఎవరో తెలియదు, వాళ్లకి జీవితాంతం రుణపడి ఉంటాం.

ఆ రాత్రే థియేటర్‌కి తీసుకెళ్లి గాయం కడిగారు, దెబ్బతిన్న కండ కొంత తీసేశామన్నారు. విరిగిన చోటుకి పైన రెండు, కింద రెండు పిన్నులు ఎముకలోకి దింపి బయట కడ్డీతో బిగించారు. రెండు రోజులకి మళ్లీ తీసుకెళ్లి మళ్లీ కడిగారు. కేస్ షీట్ మీద గ్రేడ్ 3బి అని రాసి ఉంది. చీలమండకి బెత్తెడు పైన అరచేయంత గాయం. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు చూశాను, లోపల ఎముక తెల్లగా కనబడుతోంది. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం దిగట్లేదు.

ఇప్పుడు ఇంట్లో గొడవ ఏంటంటే, మా మేనమామ వచ్చి "ఆరు రోజులైనా ఎముక అతికించలేదు, బయట ఇనుము బిగించి వదిలేశారు, డిశ్చార్జ్ చేయించండి, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అంటున్నాడు. మా పక్కింటి అన్నేమో "మా వాడికి మొదటి రోజే లోపల రాడ్ వేశారు, రెండో వారంలో వాకర్‌తో నడిచాడు, మీ డాక్టర్‌కి చేతకాదేమో" అంటున్నాడు. డాక్టర్‌ని అడిగితే గాయం సెట్ అవ్వాలి, ప్లాస్టిక్ సర్జన్ చూడాలి అని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతారు, ఆయన వెనక ఇరవై మంది పేషెంట్లు ఉంటారు, ఇంకేం అడుగుతాం. పిన్నుల దగ్గర నీళ్లలాగా కారుతోంది. అమ్మేమో చీము పడుతుందని పప్పు, గుడ్డు ఏదీ పెట్టనివ్వట్లేదు, చారన్నమే. వాడు "అక్కా, కాలు తీసేస్తారా" అని అడిగాడు నిన్న. నేను నవ్వి "పిచ్చోడా" అని బయటికొచ్చి ఏడ్చాను.

తెలిసినవాళ్లు చెప్పండి. ఇలా బయట రాడ్లు వేసి ఆగడం మామూలేనా? మేం హాస్పిటల్ మార్చాలా?

ఎముకల డాక్టర్ (17 ఏళ్లుగా ఇదే పని)

అమ్మా, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు. మీరు రాసినదాన్ని బట్టి మొదటి రాత్రి చేయాల్సిన పని చేశారు. దయచేసి డిశ్చార్జ్ చేయించకండి. నేను ఎక్స్ రే చూడలేదు, మీ డాక్టర్ మాటే ఆఖరు, కానీ మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పని సంగతి నేను చెబుతాను.

మీ కాలి ముందువైపు ఎముక మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోండి. వేలికి తగిలేది చర్మం, దాని కింద ఎముక, మధ్యలో ఏమీ లేదు. తొడ ఎముక చుట్టూ మందంగా కండ ఉంటుంది, ఇక్కడ లేదు. కింది మూడో వంతు దగ్గరైతే వెనక కూడా ఎక్కువగా తాళ్లలాంటి స్నాయువులే. అందుకే ఇక్కడ విరిగితే ఎముక సులువుగా బయటికొస్తుంది, రక్త సరఫరా తక్కువ కాబట్టి అతుక్కోవడమూ ఆలస్యం. బయటి గాలి తగిలిన విరుగు, మూసి ఉన్న విరుగు రెండూ ఒకే జబ్బు కాదు. మూసి ఉన్నదాంట్లో మా ధ్యాసంతా ఎముక మీద. తెరుచుకున్నదాంట్లో ముందు కండ, చర్మం, రక్తనాళాలు, ఎముక నాలుగోది. మీ మేనమామ గారికి ఈ ఒక్క మాట అర్థమైతే గొడవ సగం తగ్గుతుంది.

గ్రేడ్ అన్నది 1976లో గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు సర్జన్లు ఇచ్చిన లెక్క, 1984లో మూడో గ్రేడ్‌ని ఏ, బి, సి అని విడగొట్టారు. గ్రేడ్ 1 అంటే గాయం ఒక సెంటీమీటరు లోపు, శుభ్రమైనది. 3ఏ అంటే దెబ్బ పెద్దదే కానీ ఉన్న చర్మంతో, కండతో ఎముకని కప్పొచ్చు. 3బి అంటే కప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు, వేరేచోటి నుంచి కండ తెచ్చి వేయాలి. 3సి అంటే బాగుచేస్తే తప్ప కాలు నిలవనంతగా రక్తనాళం కూడా తెగింది.

మీ పక్కింటి అన్న అబద్ధం చెప్పట్లేదు. గ్రేడ్ 1, 2 గాయాలు శుభ్రంగా ఉంటే మేమూ మొదటి రోజే లోపల రాడ్ వేస్తాం. 3బిలో కూడా ఎముకల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ ఇద్దరూ ఒకేసారి చేతికి దొరికి, గాయం బాగా శుభ్రపడితే వేసేచోట్లు ఉన్నాయి. కానీ రోడ్డు మట్టి, ఆయిలు, గుడ్డ పీలికలు దూరిన గాయంలో తొందరపడి లోపల ఇనుము పెడితే ఏమవుతుందంటే, సూక్ష్మజీవులు ఆ లోహం మీద జిగట పొరలా పట్టుకుని కూర్చుంటాయి, ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగ్గా వెళ్లదు. అప్పుడు ఎముక మూలుగంతా చీము పడుతుంది. అలా వచ్చిన కుర్రాళ్లకి మూడేళ్లు, నాలుగేళ్లు ఆపరేషన్లు చేస్తూనే ఉన్నాం.

బయట రాడ్లకి మేం ఫిక్సేటర్ అంటాం. పిన్నులు గాయానికి దూరంగా మంచి ఎముకలోకి దిగుతాయి, కడ్డీ బయట ఉంటుంది, గాయం దగ్గర కొత్త ఇనుము ఉండదు. తక్కువ టైంలో బిగించొచ్చు, రక్తం పోయిన మనిషిని ఎక్కువసేపు టేబుల్ మీద ఉంచక్కర్లేదు. ఎముక కదలకుండా నిలబడుతుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది, కండ నలగదు, ఎన్నిసార్లు కావాలన్నా గాయం విప్పి కడగొచ్చు. రెండు రోజులకి మళ్లీ కడిగారన్నారు కదా, మొదటి రోజు బతికున్నట్టు కనిపించిన కండ కొంత రెండో రోజుకి చచ్చిపోతుంది. రంగు మారిందా, గిల్లితే ముడుచుకుంటోందా, కోస్తే రక్తం వస్తోందా అని చూసి చచ్చింది తీసేయాలి. అది మిగిలితే సూక్ష్మజీవులకి మేత. రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్లడం డబ్బు కోసం కాదు.

ఇప్పుడు మీరు నిజంగా తొందరపడాల్సిన విషయం ఒకటుంది. లోపలి రాడ్ గురించి అడగకండి, ప్లాస్టిక్ సర్జన్ గురించి అడగండి. కనబడుతున్న ఎముక ఎండిపోతే చచ్చిపోతుంది. గాయం శుభ్రపడ్డాక దాన్ని ఎంత త్వరగా కండతో, చర్మంతో కప్పితే అంత మంచిది, మొదటి వారంలోనే అయితే ఇన్ఫెక్షన్ భయం తక్కువ. అలా వేరేచోటి నుంచి కండో చర్మమో తెచ్చి కప్పడాన్నే ఫ్లాప్ అంటాం. మీకు ఆరో రోజు. రేపు పొద్దున రౌండ్స్‌లో గట్టిగా అడగండి: "సార్, ఫ్లాప్ ఎప్పుడు వేస్తారు, ఇక్కడ వేసేవాళ్లు ఉన్నారా, లేకపోతే ఎక్కడికి రాసిస్తారు?" అని. మోకాలి దగ్గర గాయమైతే పిక్క కండనే తిప్పి వేస్తాం, చీలమండ దగ్గర అంత సులువు కాదు, తొడ నుంచో వీపు నుంచో రక్తనాళంతో సహా కండో చర్మమో తెచ్చి మైక్రోస్కోప్ కింద కుట్టాల్సి రావచ్చు. అది అన్ని చోట్లా చేయరు. అక్కడ లేకపోతే మారడం తప్పు కాదు, అయితే సర్జన్‌తో మాట్లాడి రెఫరల్ లెటర్, ఎక్స్ రేలు, థియేటర్ నోట్స్ తీసుకుని మారండి.

ఆ తర్వాత లోపలి రాడ్. గాయం మూసుకుని, పిన్నుల దగ్గర చీము లేకపోతే మామూలుగా రెండు వారాల్లోపు బయటిది తీసి లోపలిది వేస్తారు. ఆలస్యమయ్యే కొద్దీ పిన్ను రంధ్రాల్లో సూక్ష్మజీవులు చేరతాయి. ఎముక ముక్క పోయి ఖాళీ ఏర్పడినా, ఇన్ఫెక్షన్ వచ్చినా చాలాసార్లు కాలి చుట్టూ రింగులు బిగించే ఫిక్సేటర్‌తోనే ఆఖరిదాకా నడిపిస్తారు.

కాలు తీసేస్తారా అన్న ప్రశ్న. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ డాక్టర్లు ఇలాంటి గాయాలకే ఒక స్కోర్ తయారుచేశారు. చర్మానికి, ఎముకకి, కండరాలు నరాలకి విడివిడిగా మార్కులు, షుగర్, దెబ్బ తగిలాక హాస్పిటల్‌కి ఆలస్యంగా రావడం లాంటివాటికి ఇంకొన్ని. 14 లేదా అంతకంటే తక్కువైతే కాలు నిలపడానికే చూస్తాం, 17 లేదా అంతకంటే ఎక్కువైతే తీసేయడం గురించి ఆలోచిస్తాం, మధ్యలో ఉంటే అనుభవం ఉన్నవాళ్లు కూర్చుని నిర్ణయిస్తారు. మీరే చూడగలిగేది ఇది: వేళ్లు వెచ్చగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎర్రబడుతోందా, వేళ్లు కదుపుతున్నాడా, అరికాలు తాకితే తెలుస్తోందా. ఇవన్నీ ఉంటే నేను మీ స్థానంలో తమ్ముడికి ధైర్యం చెబుతాను.

కట్టు విషయం. ఏ ఊరి కట్టయినా సరే, తెరిచి ఉన్న గాయం మీద, వాచిన కాలి మీద బిగించి కట్టకూడదు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతుంది. అలా నల్లబడిన కాళ్లు తీసేసిన రోజులు నాకు మరుపుకి రావు. మేనమామ గారి మీద కోపం వద్దు, ఆయనా భయంతోనే అంటున్నారు. నా ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి.

పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి. పప్పు తింటే చీము పడుతుందన్నది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న భయం, నిజం కాదు. చీము సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. అరచేయంత గాయం పూడాలంటే మాంసకృత్తులు కావాలి, చారన్నంతో ఆ పని జరగదు. పాయా తాగితే ఎముక అతుకుతుందని కూడా ఎవరో ఒకరు అంటారు, ఇష్టమైతే తాగనివ్వండి, నష్టం లేదు, కానీ రోజూ గుడ్లు, పప్పు, పెరుగు, వీలైతే చికెన్ ముఖ్యం. సిగరెట్ అలవాటుంటే ఈరోజుతో ఆపించండి. ఇందులో నేను బతిమాలను, గట్టిగానే చెబుతాను.

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్

డాక్టర్ గారు పెద్దవి చెప్పారు, నేను పిన్నుల గురించి చెప్తానక్కా. ట్రామా వార్డులో చేస్తాను.

మొదటి రోజుల్లో పిన్ను దగ్గర పల్చగా నీళ్లలాగా, కొంచెం గులాబీ రంగులో కారడం మామూలే, భయపడకండి. చిక్కగా పసుప్పచ్చగా వాసనతో వచ్చినా, చుట్టూ ఎర్రగా వేడిగా అయినా, ముట్టుకుంటే గిలగిల్లాడినా, పిన్ను వదులుగా కదులుతున్నట్టు అనిపించినా, జ్వరమొచ్చినా అదే రోజు చూపించాలి. తెల్లారి చూద్దాం అనుకోవద్దు.

ఇంటికి వెళ్లాక మీరే క్లీన్ చేయాల్సొస్తుంది కాబట్టి వార్డులో ఉన్నప్పుడే సిస్టర్ దగ్గర నిలబడి రెండు సార్లు చూడండి, మూడోసారి మీ చేత్తో చేయనివ్వమని అడగండి, ఎవరూ కాదనరు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సెలైన్‌తో తడిపిన గాజు గుడ్డతో పిన్ను చుట్టూ తుడవాలి, ఒక పిన్నుకి వాడిన గుడ్డ ఇంకో పిన్నుకి వాడొద్దు, ఇదే అందరూ చేసే తప్పు. మందేదైనా కలపాలా అన్నది మీ సర్జన్ చెప్పినట్టే చేయండి, రోజూనా వారానికోసారా అన్నది కూడా ఒక్కోచోట ఒక్కోలా చెప్తారు, మీవాళ్లు చెప్పింది పట్టుకోండి. తర్వాత పిన్ను చుట్టూ పొడి గాజు గుడ్డ చుట్టి చర్మం మీద కొంచెం ఆనేలా ఉంచితే చర్మం పైకీ కిందికీ కదలదు, కదిలితేనే ఒరిసి కారుతుంది. పసుపు, కొబ్బరినూనె, పౌడరు, ఎవరో ఇచ్చిన ఆకు పసరు, ఏదీ వద్దు.

పిన్ను చివరలకి రబ్బరు క్యాపులు లేకపోతే ఇంజెక్షన్ సీసా రబ్బరు బిరడా గుచ్చమని అడగండి, లేకపోతే నిద్రలో రెండో కాలు గీరుకుంటుంది. ఈగలు వాలకుండా పల్చటి ఉతికిన బట్ట కప్పండి.

ఇంకోటి, ఇది నేను అందరికీ చెప్పి అలసిపోయాను. పాదం కిందికి వాలిపోనివ్వకండి. కాలు నొప్పి కదా అని పాదం అలా వేలాడేసి పడుకుంటారు, ఒకటి రెండు నెలలకి మడమ వెనక తాడు బిగుసుకుపోతుంది, ఎముక అతికాక కూడా మడమ నేలకి ఆనదు. మీ చున్నీ ఒకటి అరికాలు ముందు భాగానికి వేసి రెండు కొసలూ వాడి చేతికే ఇవ్వండి, మెల్లగా తనవైపు లాక్కోవాలి, పది లెక్కపెట్టి వదలాలి, రోజుకి నాలుగైదు సార్లు. ఫ్లాప్ వేశాక మాత్రం సర్జన్ చెప్పేదాకా ఆపండి. మొదట్లో ఫ్లాప్ కాలు దించకూడదు, ఎత్తులోనే పెట్టాలి.

వనస్థలిపురం, రింగులతో ఎనిమిది నెలలు

అక్కా, నేను మీ తమ్ముడి ప్లేస్‌లో ఉన్నవాణ్ణి. 2021లో సాగర్ రోడ్డు మీద లారీ. ఎడమ కాలు, అదే 3బి. మొదట ఇలాగే బయట కడ్డీ, తొమ్మిదో రోజు తొడ నుంచి తెచ్చి ఫ్లాప్ వేశారు. నాకైతే నాలుగు సెంటీమీటర్ల ఎముక రోడ్డు మీదే పోయింది, అందుకని తర్వాత రింగులు బిగించారు.

రింగుల పద్ధతి ఇలిజరోవ్ అనే డాక్టర్‌ది, సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్లకి 1950లలో మొదలుపెట్టాడట. పడుకుని పడుకుని ఇవన్నీ చదివాను. మంచి ఎముకని ఒకచోట కోసి, రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే వెనక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఒక్కసారే మిల్లీమీటరు కాదు, నట్టుని ఆరు గంటలకోసారి పావు తిప్పు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పన్నెండు. నలభై రోజులు మా అమ్మ అలారం పెట్టుకుని రాత్రి పన్నెండు తిప్పు తనే తిప్పింది. ఒక్క రోజు తప్పలేదు. జరపడం నలభై రోజులే కానీ కొత్త ఎముక గట్టిపడేదాకా మొత్తం ఎనిమిది నెలలు రింగులు కాలికే ఉన్నాయి.

మీవాడికి ఎముక పోలేదంటే ఇంత ఉండదు. అయినా ఇంట్లో అందరికీ ముందే చెప్పేయండి, ఇది నెల రోజుల పని కాదు. 3బి అంటే ఆరు నెలలు మామూలు, తొమ్మిది పది నెలలైనా పట్టొచ్చు, మధ్యలో తుంటి నుంచి ఎముక తీసి పెట్టే చిన్న ఆపరేషన్ కూడా పడొచ్చు. నాకు ఎవరూ చెప్పలేదు, ప్రతి చెకప్‌కీ ఈసారి తీసేస్తారు అనుకుని వెళ్లి ఏడుస్తూ వచ్చేవాణ్ణి. నెలల లెక్క ముందే తెలిసుంటే అంత పరేషాన్ అయ్యేవాణ్ణి కాదు.

సిగరెట్ సంగతి డాక్టర్ గారు అన్నది నిజం. నేను దాచి తాగాను. మూడు నెలలు ఎక్స్ రేలో ఏ మార్పూ లేదు. మా సర్ ఒక్క మాట అడిగారు, ఒప్పుకున్నాను, ఆ రోజు నుంచి ముట్టలేదు.

ఇంట్లో ఇండియన్ టాయిలెట్ అయితే డిశ్చార్జ్‌కి ముందే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టండి, కోఠిలో సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. వాకర్ కూడా అక్కడే. నైట్ ప్యాంట్లకి పక్క కుట్టు విప్పించి వెల్క్రో వేయించండి. మంచం కిందిది ఉంటే ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, లేవడానికి సులువు. మొదటిసారి కాలు కిందికి వేలాడేసినప్పుడు రంగు ముదురుగా మారి బరువుగా అనిపిస్తుంది, మాకైతే కాలు కుళ్లిపోతోందనిపించి రాత్రికి రాత్రి పరుగెత్తాం, రక్తం దిగడమే అది, ఎత్తి పెడితే మామూలైంది. ఎత్తి పెట్టినా తగ్గకపోతే మాత్రం చూపించాలి.

ఇప్పుడు నేను మెట్రో ఎక్కి అమీర్‌పేట ఆఫీసుకి వెళ్తున్నాను. మెట్లు దిగేటప్పుడు కొంచెం తేడా ఉంటుంది, పరుగెత్తలేను. కాలు నాదే. వాడితో మాట్లాడాలంటే మెసేజ్ పెట్టండి, నా ఫోటోలు చూపిస్తాను, మొదటి రోజుది కూడా.

క్లెయిమ్ కాగితాలు చూసేవాణ్ణి

వైద్యం నాకు తెలియదు, డబ్బుల సంగతి చెప్తాను. రోడ్డు ప్రమాదం కాబట్టి హాస్పిటల్ నుంచి పోలీసులకి సమాచారం వెళ్లిందో లేదో ముందు కనుక్కోండి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. గుద్దిన బండి దొరక్కపోయినా ఎఫ్ఐఆర్ కావాలి. దొరకని బండి గుద్ది తీవ్రంగా గాయపడితే 50,000 రూపాయల పరిహారం ఉంది, 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తం. బండి దొరికితే దాని ఇన్సూరెన్స్ మీద మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయొచ్చు, ఆలస్యం చేయకండి. ఎవరైనా వచ్చి ఇరవై వేలు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి అంటే పెట్టకండి, ఇది ఏడాది నడిచే ఖర్చు అని పైన చదివారు కదా.

2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా ఉంటుంది. మీకు ఆరో రోజు కాబట్టి రేపే బిల్లింగ్ కౌంటర్‌లో, పోలీస్ స్టేషన్‌లో అడగండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ, తెలంగాణలో పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర అని డెస్క్ ఉంటుంది. ఫ్లాప్‌కి, లోపలి రాడ్‌కి వేరువేరుగా అనుమతి కావాలేమో ఆ డెస్క్‌లోనే అడగండి, ముందే పెట్టిస్తే థియేటర్ డేట్ ఆగదు. ప్రతి ఎక్స్ రే, ప్రతి మందుల చీటీ ఒకే ఫైల్‌లో పెట్టండి.

నాచారం అక్క

ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. డాక్టర్ గారు చెప్పినట్టే మర్నాడు పొద్దున రౌండ్స్‌లో అడిగాను. చెయ్యి వణికింది కానీ అడిగాను. మా హాస్పిటల్లో మైక్రోస్కోప్‌తో ఫ్లాప్ వేసేవాళ్లు లేరని, రెండు రోజుల్లో రాసిద్దామనుకుంటున్నామని చెప్పారు. ఈరోజే రాసివ్వండి సార్ అన్నాను. సాయంత్రానికి లెటర్ ఇచ్చారు, అంబులెన్స్‌లో మార్చాం. ఎనిమిదో రోజు ఎనిమిది గంటల ఆపరేషన్. తొడ నుంచి తెచ్చి వేశారు. మొదటి రెండు రాత్రులు సిస్టర్లు గంట గంటకీ వచ్చి రంగు చూశారు, మూడో రోజు సర్జన్ గారు వేలితో నొక్కి చూసి బాగుంది అన్నారు. బయట రాడ్లు అలాగే ఉన్నాయి, పిన్నుల దగ్గర ఇలాగే శుభ్రంగా ఉంటే వచ్చే వారం లోపలిది వేస్తామన్నారు.

మామకి మొత్తం చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున స్టీలు డబ్బాలో పాలకూర పప్పు, నాలుగు ఉడికించిన గుడ్లు తెచ్చి, దగ్గర కూర్చుని వాడి చేత తినిపించాడు.

సిస్టర్ గారూ, ఒక డౌట్. ఫ్లాప్ వేసిన కాలికి చున్నీ వ్యాయామం ఆపాను, కానీ పాదం వాలుతోంది. దానికేమైనా ఉందా?

డ్రెస్సింగ్ రూమ్ సిస్టర్

ఉందక్కా. పాదం నిటారుగా పట్టి ఉంచేలా స్ప్లింట్ కడతారు, కొందరు సర్జన్లు ఫిక్సేటర్ కడ్డీకే పాదాన్ని కలిపి పట్టీ వేస్తారు. ఫ్లాప్ మీద ఒత్తిడి పడకుండా వాళ్లే వేయాలి, మీరు సొంతంగా ఏదీ కట్టకండి. రేపు రౌండ్స్‌లో అడగండి, మొన్న అడిగినట్టే.